మినిట్స్‌లో కాఫీ విరామమని రాసిన మాట

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఉద్యోగంలో ఉండగా అడగలేదు, మానేశాక అసలే అడగలేదు. సముద్ర సర్వేల్లోకి, తీర ప్రణాళికల్లోకి కొత్తగా వస్తున్న మన పిల్లలు సౌదీలో దమ్మామ్‌లో దిగగానే నాకు ఫోన్ చేస్తారు. ఏ కంపెనీ మంచిది, ఇక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామా ఎవరు తొందరగా చేయిస్తారు, ఫ్యామిలీ వీసా రావాలంటే హోదా ఏమని రాయించుకోవాలి, ఇవే ప్రశ్నలు. పని ఎలా ఉంటుంది అంకుల్ అని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

నా బాధ ముందే చెప్పేస్తాను. మా తీర ప్రణాళిక విడుదలైన రోజున వేదిక మీద కుర్చీలు వేశారు. ఆ ప్రణాళికలో ఉన్న మ్యాపులు, ఒక్కటి తప్ప, అన్నీ నేను గీసినవి. వేదిక మీద సంగతి అటుంచి, హాల్లో కూడా నాకు కుర్చీ లేదు. ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డాను. పుస్తకం చివర కృతజ్ఞతల్లో పెద్దల పేర్లన్నీ వేసి, ఆఖరున "సహాయక సిబ్బంది" అన్నారు. ఆ రెండు మాటల్లో నేనూ, మా డ్రైవర్ ఖాదరూ, ఆఫీసులో కాఫీ ఇచ్చే బంగ్లాదేశ్ ఆయనా సర్దుకుని కూర్చున్నాం. భోజనాల దగ్గర ప్యాకెట్లు తక్కువయ్యాయని మమ్మల్ని కాసేపు ఆగమన్నారు. ఆగాం. అదీ గుర్తుంది.

అయినా నేను రాస్తున్నది నా కుర్చీ గురించి కాదు. ఒక పెద్దాయనకు అందరి ముందూ ఇచ్చిన మాట గురించి. ఆ మాట ఎక్కడ పోయిందో నాకు తెలుసు. వెతికి పెట్టండని అడుగుతూనే ఉన్నాను. ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

మ్యాపులు గీసేవాడు

నా పేరు దాసు. మాది ఉప్పాడ వైపు. నాన్న వేటకు పోయేవాడు. నేను కాకినాడలో డిప్లొమా చదివి సర్వే పని నేర్చుకున్నాను. నా భార్య కుమారికి దమ్మామ్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకే నేనూ వచ్చాను. భార్య వల్ల వచ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చెప్పినప్పుడు నవ్విన వాళ్లెవరో మాత్రం మరిచిపోలేదు.

నీటి లోతు కొలవడం, తీరరేఖలు గీయడం నా పని. చాలాకాలం రేవులకూ పైపులైన్లకూ చేశాను. తర్వాత ప్రభుత్వం తీరంలో కొంత సముద్రాన్ని కాపాడాలని నిర్ణయించి, ప్రణాళిక పనిని మా కన్సల్టెన్సీకి ఇచ్చింది. షరతు ఏమిటంటే, గీతలు ఆఫీసులో కూర్చుని గీయకూడదు. తరతరాలుగా ఆ నీళ్ల మీదే బతుకుతున్న స్థానిక జాలరి కుటుంబాలతో కలిసి గీయాలి. ఎక్కడ వేట మానాలి, ఎక్కడ ఉండాలి, ఎవరు కాపలా కాయాలి అన్నది ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇంతకంటే మంచి ఆలోచన నా ఉద్యోగంలో నేను చూడలేదు. వ్యంగ్యంగా అనడం లేదు.

మా బాస్ రాజశేఖర్ గారు. హైదరాబాదు ఆయన, తీర నిర్వహణలో డాక్టరేట్ చేశారు. వయసులో నాకంటే చాలా చిన్న. మొదటి రోజు నుంచీ నన్ను నువ్వు అన్నారు. నేను మీరు అంటూనే ఉన్నాను, ఇక్కడా అలాగే రాస్తాను. ప్రభుత్వం తరఫున ఫహద్ అనే యువ ఇంజనీరు ఉండేవారు. సౌమ్యుడు, తక్కువ మాట్లాడే మనిషి. మా డ్రైవర్ ఖాదర్‌ది కడప జిల్లా. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. జాలరుల అరబ్బీ జాలరుల యాసలోనే మాట్లాడతాడు. కంపెనీ పెట్టిన అనువాదకుడు పుస్తకాల అరబ్బీలో చెబితే వాళ్లు తలూపేవారు. ఖాదర్ చెబితే తిరిగి మాట్లాడేవారు.

నీళ్లు ఆగవు

దమ్మామ్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న రేవు మా పనికి మొదటి చోటు. అక్కడ మొదటి సమావేశానికి బ్యానరు కట్టారు, మంచినీళ్ల సీసాలు పేర్చారు. పొద్దున ఆఫీసు వేళకు పెట్టారు. వచ్చిన వాళ్లు వేటకు పోవడం ఎప్పుడో మానేసిన ఇద్దరు ముగ్గురు పడవల యజమానులు.

"దే ఆర్ నాట్ సీరియస్, ఖాదర్," అన్నారు రాజశేఖర్ గారు.

"సీరియస్సే సార్," అన్నాడు ఖాదర్. "ఇప్పుడు నీళ్లు తీస్తాండాయి. వాళ్ల కంచెల్లో చేప పడి ఉంటది. మీ మీటింగు ఆగుతది, నీళ్లు ఆగవు గదా."

నేను ముందు రోజే ఆటుపోట్ల పట్టిక ఆయన బల్ల మీద పెట్టాను. దాని మీద ఆయన టీ కప్పు పెట్టుకున్నారు. ఆ గుండ్రటి మరక ఉన్న కాగితాన్ని మళ్లీ తెచ్చుకుని నా సొరుగులో వేసుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. జాలరులతో కూర్చోవాలంటే క్యాలెండరు తర్వాత చూడండి. ముందు నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు తీస్తాయో చూడండి. ఆ తర్వాత నమాజు వేళలు చూడండి. ఆ మధ్యలో మిగిలిన సమయమే మీది.

అందరూ పెట్టిన ఒకే గుర్తు

రెండోసారి సాయంత్రం నమాజు తర్వాత పెట్టాం. హాలు నిండింది. బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి, ఎర్ర పెన్నులు పెట్టి, "మీరు ఎక్కడ వేట చేస్తారో గుర్తు పెట్టండి" అని అడిగించారు రాజశేఖర్ గారు.

జాలరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికంటే పెద్దవాడు అబూ జాసిమ్ లేచాడు. ఒకప్పుడు పెద్ద పడవకు నౌఖదా, అంటే నాయకుడు. ఆయన పెన్ను తీసుకుని, రేవుకు ఎదురుగా ఉన్న ఇసుక మేట మీద చిన్న చుక్క పెట్టి వెళ్లి కూర్చున్నాడు. రెండో ఆయన ఆ చుక్క పక్కనే ఇంకో చుక్క పెట్టాడు. తర్వాత వచ్చిన ప్రతివాడూ అక్కడే. కాసేపటికి ఆ ఇసుక మేటకు అమ్మవారు పోసినట్టయింది.

"ఎక్సలెంట్! ఫుల్ కన్సెన్సస్. మిగతా ఏరియా అంతా ఫ్రీ అన్నట్టు," అన్నారు రాజశేఖర్ గారు.

నాకు నవ్వొచ్చింది. మా నాన్న ఎదురుగా వేరే పడవ కనిపిస్తే తెరచాప తిప్పి ఇంకో దిక్కుకు పోయేవాడు. ఒడ్డున ఎవరైనా "చేప ఎక్కడ పడిందిరా?" అంటే "నీళ్లలో" అనేవాడు. తన చోటు తోడబుట్టిన తమ్ముడికి కూడా చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నన్ను నిలదీశారు. "నవ్వుడేంది దాస్ అక్కడ?"

"సార్, అది వాళ్ల చోటు కాదండి. నలుగురి ముందు ఎవరూ తన చోటు చెప్పరు."

"మరి అందరు అదే ఎందుకు మార్క్ చేసిన్రు?"

"మర్యాదకండి. మనం ఖాళీ మ్యాపుతో వెళ్లకూడదని."

"నువ్వు డ్రాయింగ్ చూస్కో. సోషల్ సైడ్ నేను చూస్త."

ఖాదర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మా ఊర్లో బోరు యాడ వేస్తే నీళ్లు పడతాయో ఎవ్వడూ చెప్పడు సార్. పక్కోడు గూడా ఆడనే వేస్తాడని."

"నువ్వు రోడ్డు చూడు," అన్నారు ఆయన.

ఇందులో జాలరుల తప్పు లేదని నేను అనను. వాళ్లు అబద్ధమే చెప్పారు. మొదటి ముసాయిదాలో ఆ ఇసుక మేట తప్ప మిగతా సముద్రమంతా "వేట లేని ప్రాంతం" అని రంగు వేయాల్సి వచ్చింది. ఆ రంగు చూసుకుని ఎవరైనా ఆ నీళ్లలో ఏదైనా కట్టుకోవచ్చు. గుట్టు కాపాడుకోబోయి గూడే పోగొట్టుకునే దాకా వచ్చారు. కానీ మనిషి ఎందుకు అబద్ధం చెబుతాడో తెలియకుండా అతన్ని ప్రశ్న అడగడం మన తప్పు. ప్రశ్న మార్చాల్సింది మనమే.

ఎక్కడ వెయ్యరు?

శుక్రవారాలు నాకు సెలవు. ఖాదర్ జుమా నమాజు చేసుకుని వచ్చాక ఇద్దరం ఆ రేవుకు పోవడం మొదలుపెట్టాం. కంపెనీ పంపలేదు, పెట్రోలు కూడా ఇవ్వలేదు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఖాదర్ హుఫూఫ్ నుంచి తెప్పించిన ఖర్జూరాల పెట్టె సీట్లో పెట్టాడు.

"ఇదెందుకయ్యా?"

"ఉత్త చేతుల్తో పోతే మనం గూడా గవర్నమెంటోళ్లే అనుకుంటారన్నా."

అబూ జాసిమ్ ఇంటి ముందు గది, మజ్లిస్ అంటారు, అక్కడ తివాచీ మీద కూర్చోబెట్టారు. పాతకాలపు పడవల్లో మనవాళ్లతో తిరిగినవాడు గనక ఆయనకు కొంత హిందీ వచ్చు. మిగతాది ఖాదర్ చెప్పాడు.

"నీ తండ్రి ఏం చేసేవాడు?" అని అడిగాడు నన్ను.

"వేట."

"అయితే చెప్పు, మీ వైపు చేప ఎక్కడ పడుతుంది?"

"నీళ్లలో," అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. చేతిలో గహ్వా, అంటే వాళ్ల యాలకుల కాఫీ, తివాచీ మీద ఒలికింది. నాకు పిల్లలెందరని అడిగాడు. ఒకే కూతురు, మరియ అని చెప్పాను. ఆ రోజు నుంచి నేను అబూ మరియమ్, మరియమ్ తండ్రిని. అక్కడ గౌరవంగా పిలిచే పద్ధతి అది. ఆఫీసులో అన్నేళ్లూ నేను "దాస్", లేకపోతే "మ్యాప్". "మ్యాప్‌ను పిలవండి" అనేవారు.

కొన్ని శుక్రవారాల తర్వాత, మిగతా జాలరులు కూడా ఉండగా అడిగాను. "మీ చోట్లు నాకొద్దు. మీరు వల వెయ్యని చోట్లేమైనా ఉన్నాయా?"

 అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరి చోటు వాళ్ల రహస్యం. కానీ వదిలేసే చోటు అందరి కట్టుబాటు, అందులో దాచేదేముంది? అబూ జాసిమ్ తిన్న ఖర్జూరాల గింజలు తీసి తివాచీ మీద పేర్చాడు. ఇది రేవు, ఇది ఇసుక మేట. ఇది ఖోర్. అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. దాని అడుగున పచ్చిక మైదానంలా గడ్డి ఉంటుంది. రొయ్య పిల్లలు అందులో పెరుగుతాయి, తాబేళ్లు మేస్తాయి. తాతల కాలం నుంచి అందులో ఎవరూ వల దించరు.

"నీళ్లలో గూడా అంగన్‌వాడీ ఉండాదన్నా," అన్నాడు ఖాదర్ నాతో.

"మరి బయటివాళ్లు వస్తే?" అని అడిగాను.

అబూ జాసిమ్ ఒక గింజ తీసి ఖోర్ నోటి దగ్గర పెట్టాడు. అది ఆయన హద్రా. హద్రా అంటే లోతు లేని నీళ్లలో పాతిన కంచె. వెనకటికి ఖర్జూర మట్టలతో కట్టేవారు, ఇప్పుడు కర్రలకు ఇనుప జాలీ కడుతున్నారు. పోటుతో వచ్చిన చేపలు కంచె వెంట పోయి, నీళ్లు తీసేటప్పటికి చివరనున్న చిన్న గదిలో చిక్కుతాయి. ఖోర్ నోటి దగ్గర హద్రా వేసుకునే హక్కు ఎవరిదో, ఖోర్‌లోకి వల పోకుండా చూసే బాధ్యత వాళ్లది. ఆ రేవులో ఆయన కుటుంబం వంతు అది.

"హద్రాలో పడేది ఇంట్లోకి కూడా చాలదు," అన్నాడు ఆయన. "నీళ్లు తీసినప్పుడల్లా అక్కడికి పోవడానికి నాకు అదొక పని. పని లేకుండా ఎవడు పోయి నిలబడతాడు?"

నా వృత్తిలో నేను విన్న అతి తెలివైన మాట ఇదే అనుకుంటాను. కాపలా కాయమని మనిషికి చెబితే కొన్నాళ్లు కాస్తాడు. అక్కడికి పోవాల్సిన పని ఉంటే బతికినన్నాళ్లూ కాస్తాడు.

ఉపగ్రహ చిత్రంలో ఆ ఖోర్ ఉత్త నీళ్లలా ఉంది. నిండు పోటులో తీసిన చిత్రం. నేను నీళ్లు తీసినప్పుడు వెళ్లి కొలిచి, గడ్డి ఎంతవరకు ఉందో గీశాను. గింజలు పేర్చిన ఖోర్, నేను కొలిచిన గడ్డి దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కింద పెట్టిన కప్పు

ఫహద్ మ్యాపు మీద గడ్డి హద్దు వెంట వేలు పెట్టి చివరిదాకా చూశారు. తర్వాత "ఇది వాళ్లే చెప్పారా?" అని మాత్రం అడిగారు. రాజశేఖర్ గారు ఆ పద్ధతికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి ఒక సదస్సులో తన పద్ధతిగా చెప్పుకున్నారు. స్లైడు మీద ఆ తివాచీ, గింజల ఫోటో కూడా ఉంది. ఫోటోలో ఖాదర్ మోకాలు కనిపిస్తుంది, నేను లేను.

చివరి సమావేశం ప్రభుత్వ కార్యాలయం హాల్లో జరిగింది. అక్కడ ఆతిథ్యం ఇచ్చేది ఫహద్. జాలరులు ఖోర్‌ను పూర్తిగా మూసేయడానికి ఒప్పుకున్నారు. ఏ వలా దిగదు, వాళ్లదైనా సరే. అడగకుండానే అంత ఇచ్చారు. అప్పుడు గహ్వా వచ్చింది. ఫహద్ తన చేత్తోనే పెద్దవాళ్లకు పోశారు.

అబూ జాసిమ్ ఆ చిన్న కప్పు అందుకున్నాడు. తాగలేదు. తన ముందు కింద పెట్టాడు.

జాలరులు మాట్లాడుకోవడం ఆపేశారు. ఖాదర్ నా మోచేయి పట్టుకున్నాడు. "చూడన్నా, పెద్దాయన కప్పు దించినాడు."

ఇక్కడి పాత ఆచారం అది. అతిథి కప్పు తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడని. ఇంటాయన కాదనాలంటే చాలా పెద్ద కారణం ఉండాలి. అవునంటే, ఆ కప్పు తాగడంతో మాట ఖాయం. దానికి మించిన సంతకం లేదు.

ఫహద్ చేతిలోని గహ్వా కూజా పక్కన పెట్టారు. "చెప్పండి పెద్దాయనా."

"ఖోర్ మీకిచ్చాం. హద్రా ఉంటుంది. నా తర్వాత నా కొడుకు కాస్తాడు."

"తాగండి," అన్నారు ఫహద్. "మీరడిగింది అయిపోయింది."

ఆయన తాగాడు. ఆయన వెనక అందరూ తాగారు. నేనూ తాగాను. నా ఉద్యోగంలో నేను గర్వపడిన రోజు అదొక్కటే.

రాజశేఖర్ గారు ఆ సేపంతా తల వంచుకుని ల్యాప్‌టాప్‌లో సమావేశం వివరాలు టైపు చేస్తున్నారు. సాయంత్రం మినిట్స్ వచ్చాయి. ఆ చోట "కాఫీ విరామం" అని ఉంది.

నేను ఆయన గదికి వెళ్లాను. ఫహద్ ఇచ్చిన మాట అందులో చేర్చమన్నాను.

"కాఫీ తాగింది గూడ మినిట్స్‌ల రాస్తరా దాస్?"

"రాయాలండి. ఒప్పందం జరిగింది అప్పుడే."

"అగ్రిమెంట్ అంటే సైన్. సైన్ ఏది?"

"వాళ్ల సంతకం అదేనండి."

"చూడు, ఎమోషనల్ కావద్దు. అది హాస్పిటాలిటీ. ప్రతి మీటింగ్‌ల ఉంటది."

ఈ తప్పు చదువు లేనివాడు చెయ్యడు. ఆ ఊరివాడు అసలే చెయ్యడు. దూరం నుంచి వచ్చి, కాగితం మీద ఉన్నదే జరిగిందని నమ్మేవాళ్లం, మనం చేస్తాం. పిల్లలూ, సమావేశంలో చర్చ ఆగి కాఫీ వచ్చినప్పుడు పెన్ను మూత పెట్టకండి. అసలు మాటలు అప్పుడే మొదలవుతాయి.

నాలుగు మూలలు

నేను గీసిన హద్దు గడ్డి వెంట వంకర్లు పోయి, ఖోర్ నోటి దగ్గర హద్రాను బయట వదిలి లోపలికి మళ్లేది. రాజశేఖర్ గారికి అది నచ్చలేదు.

"ప్యాట్రోల్ బోటోడికి నాలుగు పాయింట్స్ ఇయ్యాలె. ఫోర్ కార్నర్స్, స్ట్రెయిట్ లైన్స్. నీ వంకర గీత ఎవడు ఫాలో అయితడు?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. సముద్రం మీద వంకర గీత వెంట పడవ నడపడం కష్టమే. మూడు వైపులా తిన్నగా గీయండి, నోటి దగ్గర మాత్రం వంపు ఉంచండి అన్నాను. వినలేదు. తిన్నని గీత గీస్తే హద్రా నిషేధ ప్రాంతం లోపలికి పోయింది. ఆ షీటు మీద నా పొడి అక్షరాలు వెయ్యనన్నాను. అందుకే చెప్పాను, అన్నీ నేను గీసినవి, ఒక్కటి తప్ప. ఆ వారంలోనే నన్ను హుఫూఫ్‌లో మురుగు కాలవల డ్రాయింగులకు మార్చారు. అదే సమయంలో ఫహద్‌కు ఎర్ర సముద్రం వైపు బదిలీ అయింది. ఆయన చోటులోకి వచ్చిన వాళ్లు మినిట్స్ చదివారు. మినిట్స్‌లో కాఫీ ఉంది.

ప్రణాళిక అమల్లోకి వచ్చాక ఒక రోజు ఖాదర్ ఫోన్ చేశాడు.

"అన్నా, పెద్దాయన కంచె పీకేస్తాండారు."

"ఎవరయ్యా?"

"ఎవరని చెప్పాలన్నా? మన గీతే పీకేస్తాండాది."

ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మా కంపెనీ నుంచి ఒక మనిషి పోలేదు, ఒక ఫోను పోలేదు. నీళ్లు తీసిన వేళకు చేపలు తెచ్చుకుందామని వెళ్లి, తన కర్రలు లాగుతున్న వాళ్లను చూశాడు.

ఆ శుక్రవారం వెళ్లాను. మజ్లిస్‌లో ఎప్పటి చోటే చూపించాడు. గహ్వా పోశాడు.

"తాగండి, ముహందిస్," అన్నాడు.

ముహందిస్ అంటే ఇంజనీరు. అబూ మరియమ్ అనలేదు. ఆఫీసులో నన్ను ఎన్నో అన్నారు. వాటిలో ఏదీ నన్ను ఇంత గాయపరచలేదు.

"నేనా షీటు గియ్యలేదు," అన్నాను.

"నా కప్పు మీ అందరి ముందే దించాను. మీ అందరి ముందే తాగాను," అన్నాడు. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఖోర్ ఒడ్డున రక్షిత ప్రాంతమని బోర్డు ఉంది. నీళ్లు తీసినప్పుడు గస్తీ పడవ అడుగు తగిలి లోపలికి రాలేదు. ఎక్కడివాళ్లో చిన్న పడవల మీద వచ్చి అడుగు వలలు ఈడుస్తున్నారు. వాళ్లను చూసేవాడు లేడు, ఆపేవాడు లేడు. వేళ్లతో సహా లేచిన గడ్డి కుప్పలు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. మేము కాపాడతామని వచ్చిన గడ్డి అది. మేం రాకముందు అది భద్రంగానే ఉంది.

నా కప్పు

కంపెనీకి రాశాను. కార్యాలయానికి రాశాను. వచ్చిన జవాబు ఒకటే: మీ సూచన నమోదు చేసుకున్నాం. నేను చేసింది సూచన కాదు, ఫిర్యాదు. దాన్ని కూడా దాని పేరుతో పిలవలేదు.

నా వీడ్కోలు రోజున కేకు కోస్తూ రాజశేఖర్ గారు, "ఇంకా ఆ హద్రానేనా దాస్? లెట్ ఇట్ గో," అన్నారు. కేకు మీద నా పేరు తప్పుగా ఉంది. ఆ ముక్క తినలేదు.

ఫహద్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్కరే దాటవేయలేదు. "మాట ఇచ్చింది నేనే. పిలిస్తే వచ్చి ఆ హాల్లోనే చెబుతాను. కానీ అది ఇప్పుడు ఇంకొకరి కుర్చీ, పిలవకుండా ఎలా వస్తాను?" అన్నారు. ఆయన మీద కూడా నాకు కోపమే. పిలవకపోయినా రావాల్సింది. అయితే ఆయనను పిలవని వాళ్ల మీద ఇంకా ఎక్కువ కోపం.

కుమారి అంటుంది, "మీరు ఊరుకుంటే లోకం ఊరుకుంటుందండీ" అని. ఆమె ఉద్యోగం గడువు అయిపోతోంది, మాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఈ దేశం వదిలి పోవడం, దగ్గరపడింది. అబూ జాసిమ్ ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. హద్రా కర్రలు ఆయన ఇంటి గోడకు ఆనించి ఉన్నాయి. కొడుకు వాటిని అమ్మనివ్వలేదు, కాల్చనివ్వలేదు. మళ్లీ పాతమంటే పాతడానికి సిద్ధంగా ఉన్నాడు.

ప్రణాళికను సమీక్షిస్తున్నారని తెలిసి ఈమధ్య ఆ కార్యాలయానికి వెళ్లాను. కొత్త అధికారి మర్యాదగా కూర్చోబెట్టారు. ఆ భవనంలో నాకు కుర్చీ దొరకడం అదే మొదటిసారి. గహ్వా తెప్పించారు. నేను కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టాను. విషయం చెప్పాను. ఆయన విన్నారు. కప్పు వైపు ఒకసారి చూశారు, గడియారం వైపు రెండుసార్లు చూశారు. మీ సూచన నమోదు చేసుకుంటాం అన్నారు. ఈలోగా కాఫీ ఇచ్చే మనిషి వచ్చి, "చల్లారిపోయింది సాబ్, వేరేది తెస్తాను" అని కప్పు తీసుకుపోయాడు. అతని తప్పు లేదు. ఆ కప్పు ఎందుకు చల్లారిందో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఊరుకున్నారు.

ఆ సమీక్షలో మన తెలుగు పిల్లలు ఇద్దరు పనిచేస్తున్నారని విన్నాను. ఇది మీ కోసమే రాశాను. మీ బాసుకు చూపించండి, ఆయన పై వాళ్లకు చూపించండి. నేను అడిగేది ఒక్కటే. ఖోర్ నోటి దగ్గర ఆ గీతను ఎవరు తిన్నగా లాగారు, ఎవరిని అడిగి లాగారు? ఫహద్‌ను పిలిపించి, ఆ హాల్లో, అబూ జాసిమ్ ఉండగా ఈ ప్రశ్న అడగండి. జవాబు నాకు ఇంగ్లీషులో పంపొద్దు. ఆ మజ్లిస్‌కు పోయి, తివాచీ మీద కూర్చుని, ఆయనకు చెప్పండి. నేను ఈ దేశంలో ఉండగానే చెప్పండి.

ఆ కప్పు వాళ్లు తీసేశారు గానీ, నేను ఎత్తలేదు. అది ఇంకా కిందే ఉంది. ఎవరు జవాబు చెబుతారు?